మాకవరపాలెం బస్సెక్కిన పిలకలు

నేను పెళ్ళయి నర్సీపట్నం వచ్చేనాటికే మా చర్చి గేటు నుంచి మెట్ల దాకా, దారికి రెండు వైపులా పూలమడి ఉండేది. ఇటుకల్ని ఏటవాలుగా పాతి అంచు కట్టారు. ఏటా క్రిస్మస్ ముందు ఆ ఇటుకలకి సున్నం కొట్టేవారు. వర్షాలు తగ్గాక ఎవరో ఒకరు బంతి నారు, సీతమ్మజడ నారు తెచ్చి నాటేవారు. పండక్కి పూసేవి. ఫిబ్రవరి వచ్చేసరికి ఎండి కర్రలైపోయేవి. ఇక మళ్ళీ వానల దాకా వట్టి నేలే, దాని మీద మేకల గిట్టల గుర్తులు. ఈస్టర్ నాడు తెల్లచీరలు కట్టుకుని ఆ ఎండిపోయిన మడి పక్క నుంచే నడిచి లోపలికి వెళ్ళేవాళ్ళం. అది ఎవరికీ వింతగా అనిపించేది కాదు. నాకూ మొదట్లో అనిపించలేదు.

డెబ్బైల మధ్య నాటి మాట ఇది. మా ఆయన కరెంటాఫీసులో గుమాస్తా. నేను చర్చి కాంపౌండులోనే ఉన్న ప్రైమరీ స్కూల్లో టీచర్ని. పెళ్ళయిన రెండో ఏడు నాకు ఆడపిల్ల పుట్టింది. వారం తిరక్కుండానే పోయింది. నేను ఆసుపత్రి మంచం మీద జ్వరంతో ఉండగానే మగవాళ్ళు తీసుకెళ్ళి సమాధి చేసి వచ్చేశారు. నాకు మర్నాడు చెప్పారు. చూస్తే తట్టుకోలేనని అలా చేశామన్నారు.

ఇంటికొచ్చాక చాలామంది వచ్చి వాక్యం చదివి, ప్రార్థన చేసి వెళ్ళేవారు. అమ్మగారొక్కరే అలా చేసేవారు కాదు. పాస్టరుగారి భార్యని మా చర్చిలో చిన్నాపెద్దా అందరూ అమ్మగారనే అంటారు. అప్పటికి ఆవిడకి యాభై దాటాయి. పొట్టిగా, కాస్త బొద్దుగా ఉండేవారు. నడుం నొప్పి వల్ల ఓ పక్కకి ఒరిగి నడిచేవారు. రోజూ సాయంత్రం క్యారియర్‌లో జావ తెచ్చి నా ముందు పెట్టి, తాగేదాకా కదలకుండా కూచునేవారు. ఒక్క ముక్క మాట్లాడేవారు కాదు. కొన్నాళ్ళకి ఒక సాయంత్రం జావ తేలేదు. కలుపు తవ్వే బొరిగె ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు.

"ఇంట్లో కూసుని గోడలు సూస్తే ఏటొస్తాది టీచరమ్మా? రా, చర్చికాడ మడిలో ఎండుకర్రలు పీకుదాం. నాకు నడుం వొంగదు. నువ్వు పీకితే నేను పోగేస్తాను."

వెళ్ళాను. బంతి కర్రలు పీకుతుంటే వేళ్ళతో పాటు గట్టి మట్టిబెడ్డలు లేచొచ్చేవి. పీకిన చోటల్లా గుంట. ఒక వైపు పూర్తయ్యేసరికి చీకటి పడుతోంది. నేను లేచి నిలబడి ఆ ఖాళీ నేల వైపు చూసి అన్నాను: "ఏటా చచ్చిపోయే మొక్కలు ఎందుకండీ వెయ్యడం? ఒకసారి పెడితే ఉండిపోయేవి పెడదాం."

ఆవిడ నా మొహంలోకి చూశారు. "పెడదాం," అన్నారు.

ఆ మడే నాకు మళ్ళీ ప్రాణం పోసింది. పెద్దమాటలా ఉంటుంది గానీ అంతకంటే చిన్నమాట దొరకదు.

ఏం పెట్టాలో తేల్చుకోవడానికే ఒక వేసవి పట్టింది. బడి విడిచిపెట్టాక మడి పక్కన నిలబడి ఎండ ఎటు పడుతోందో చూసేదాన్ని. కుడివైపు మడికి పొద్దుట నుంచీ ఎండే. ఎడమవైపు సగం దాకా చింతచెట్టు నీడ. మెట్ల దగ్గర కుళాయి కారుతూ ఉండేది కాబట్టి అక్కడ నేల ఎప్పుడూ తడి. గేటు దగ్గర మాత్రం వానాకాలంలో కూడా గట్టి గులకనేల. నాలుగు రకాల నేల ఉన్న చోట ఒకే రకం నారు వేస్తే ఎక్కడికక్కడ ఖాళీలు పడక ఏమవుతుంది?

ఎండ వైపు వెనక వరసకి మెట్టతామర అనుకున్నాం. ఎత్తుగా పెరిగి గోడ మీది నాచు మరకల్ని కప్పేస్తుంది. దుంప పాతుకుందంటే ఇక పోదు. దాని ముందు చామంతి. క్రిస్మస్‌కి పూస్తుంది, పూత అయ్యాక కొమ్మలు కోసేస్తే మొదట్లోంచి పిలకలు వేస్తుంది. ఈస్టర్‌కి తెల్లపూలు కావాలి కదా, అందుకు నేల సంపెంగ. చింత నీడలో కనకాంబరం. ఇటుకల అంచు వెంట వాన లిల్లీలు, మొదటి వాన పడ్డ మూడోనాటికల్లా నేల మీద గులాబీరంగు చల్లినట్టు పూసేవి.

ఏదీ కొనలేదు. ఇళ్ళకి వెళ్ళి అడిగేవాళ్ళం. ఆసుపత్రి నర్సు పెరట్లోంచి మెట్టతామర దుంపలు వచ్చాయి. నేల సంపెంగ దుంపలు బలిఘట్టంలో మా స్కూలు ఆయా వాళ్ళ మేనత్త ఇచ్చింది. "ఆకులు పసుపెక్కీదాక ఆగమ్మా, అప్పుడు తవ్వుకుపో," అని రెండుసార్లు మమ్మల్ని వెనక్కి పంపి మూడోసారి ఇచ్చింది. సంతకి కొండ మీద నుంచి అడ్డాకులు తెచ్చే ఒకామె కొప్పులో తెల్లపువ్వు చూసి ఆగిపోయాను. సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టుంది, ఎంత వాసనో! అదేమిటని అడిగితే, వాగు పక్కన ఉంటుందని చేత్తో కొండ వైపు చూపించింది. తర్వాతి సంతకి అల్లం కొమ్ములాంటి దుంప ఒకటి ఆకులో చుట్టి తెచ్చిచ్చింది. దాన్ని కుళాయి దగ్గర తడినేలలో పెట్టాను. రెండేళ్ళు ఆకులు తప్ప ఏమీ వెయ్యలేదు. మూడో ఏడు పూసింది. ఆ ఆదివారం మెట్లెక్కే ప్రతి ఒక్కరూ అక్కడ ఆగి వాసన చూసి లోపలికి వెళ్ళారు.

తప్పులు కూడా చేశాం. గేటు దగ్గర ఏదీ బతకడం లేదని చంద్రకాంత వేశాను. సాయంత్రం ఆరాధనకి గంట కొట్టే వేళకి విచ్చుకుంటాయని ముచ్చటపడ్డాను. అది రెండేళ్ళలో గింజలు రాల్చి రాల్చి చామంతిని మింగేసింది. లాగితే కాండం ఊడొచ్చేది, ముల్లంగంత దుంప లోపలే ఉండిపోయేది. మోకాళ్ళ మీద కూచుని ఒక్కొక్కటే తవ్వి తీశాను. అమ్మగారు గట్టు మీద కూచుని నవ్వేవారు. "ప్రేమగా పిలిసేవు కదా, ఇప్పుడు పొమ్మంటే పోతాదేటి?"

అలా ఏళ్ళు గడిచాయి. పాస్టరుగారిని ఎందుకో బదిలీ చెయ్యలేదు. నాకు ఇద్దరు మగపిల్లలు పుట్టారు. వాళ్ళు ఆ మడి పక్కనే మట్టిలో ఆడుకుంటూ పెరిగారు. ఏటా తొలకరికి కుదుళ్ళు తవ్వి, పిలకలు విడదీసి, పక్కనున్న ఖాళీలో పెట్టేదాన్ని. ఒక మొక్క నాలుగవుతుంది. నాలుగూ ఒత్తుగా కమ్ముకుంటే మళ్ళీ విడదీయాలి. మెల్లగా ఖాళీలన్నీ మూసుకుపోయాయి. ఎనభైల మొదట్లో ఒక ఈస్టర్‌కి అటూ ఇటూ నేల సంపెంగలు పూసి, మధ్యలో తెల్లచీరలతో నడుస్తుంటే బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఆగి చూశారు. అమ్మగారు వాళ్ళందరి ముందూ నా చెయ్యి పట్టుకుని, "ఇదంతా మా టీచరమ్మ చేతి చలవండీ," అన్నారు. ఆవిడ ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. ఇప్పటికీ అలాగే నమ్ముతాను. అందుకే తర్వాత జరిగింది మింగుడు పడదు.

ఆ మరుసటి ఏడు క్రిస్మస్ అయ్యాక ఒకనాడు ఆవిడే అన్నారు: "మాకవరపాలెం అవతల పల్లెలో మన చర్చి ఉంది కదా, నువ్వు సూళ్ళేదు. దాని ముందంతా రాళ్ళే. కూలికెళ్ళే జనం, వాళ్ళకి ఎవరు సెప్తారు మొక్కలు పెట్టమని? మన మడి ఒత్తుగా అయిపోయింది. పిలకలు తీసి పంపుదాం."

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ ఆదివారం మధ్యాహ్నమే కూచుని చామంతి పిలకలు వేళ్ళు తెగకుండా విడదీశాను. తడిపిన గోనెలో పరిచి, పైన అరటి దొప్పలు కప్పి చుట్టాను. మా ఆయన తాడు బిగించి కట్టి, సైకిల్ మీద పెట్టుకుని బస్టాండుకి తీసుకెళ్ళి మాకవరపాలెం బస్సులో వేసి వచ్చారు. తర్వాత మెట్టతామర. ప్రతి ముక్కకీ ఒక కన్ను ఉండేలా చూసి కోశాను. ఎండలు ముదిరాక నేల సంపెంగ. అమ్మగారు నెలకోసారి ఆ వూరు వెళ్ళి వచ్చేవారు. వచ్చినప్పుడల్లా కబురు చెప్పేవారు.

"మెట్టతామర మొవ్వులేసీసింది టీచరమ్మా. ఆ వూరి ఆడోళ్ళు నీకు వందనాలు సెప్పమన్నారు."

ఒకసారి ఆ వూరి పిల్లలు బడి నుంచి వచ్చి నీళ్ళు పోస్తున్నారని కూడా చెప్పారు. నేను ఆ మాట మా క్లాసు పిల్లలకి చెప్పాను.

మరో రెండు సార్లు కనకాంబరం, వాన లిల్లీలు పంపాక ఆవిడ అడిగే తీరు మారింది. "పిలకలైతే తేరుకోడానికి ఏడాది పడతాది. తల్లిదుంపే ఇచ్చీ," అన్నారు. ఇచ్చాను. కుళాయి దగ్గరి కొండపువ్వు ఒక్కటే కుదురు. దాన్ని కూడా అడిగితే మొదటిసారి వెనకాడాను. వేసవిలో కదిపితే చచ్చిపోతుందన్నాను. "సగమే తియ్యి. వాళ్ళు మాత్రం దేవుడి బిడ్డలు కారా?" అన్నారు. సగం తీశాను. ఆ సాయంత్రం గేటు దగ్గర నిలబడి చూస్తే మడిలో ఎక్కడికక్కడ గుంటలు. ఖాళీలు పూడ్చడానికి మొదలుపెట్టిన మడిలో నా చేత్తో నేనే ఖాళీలు చేశాను. ఫరవాలేదు, వానలు పడితే మళ్ళీ కమ్ముకుంటాయి, అవతల ఒక చర్చి ముందు పూలు పూస్తాయి కదా అనుకున్నాను.

మే నెలలో మా ఆయా కూతురి పెళ్ళి ఆ పల్లె చర్చిలోనే జరిగింది. పెళ్ళి కంటే ఆ పూలమడి చూడాలనే నాకు తొందర. పెళ్ళి వేళకి చాలా ముందే బస్సు దిగి నడుచుకుంటూ వెళ్ళాను. పెంకులు కప్పిన చిన్న చర్చి. ముందంతా గులకరాళ్ళు, ఓ పక్క ఇసక కుప్ప, దానికి ఆనుకుని కట్టేసిన మేక. వెనక వైపు ఉందేమోనని చుట్టూ తిరిగి వచ్చాను. అక్కడా లేదు. వాకిలి ఊడుస్తున్న ముసలాయన్ని అడిగాను.

"ఇక్కడ పూలమొక్కలు వేశారు కదండీ, ఎక్కడ?"

"పూలమొక్కలేటమ్మా? తాగడానికే నీల్లు లేవు. మొక్కలెవులు పెడతారు?"

"నర్సీపట్నం నుంచి అమ్మగారు తెచ్చారు కదా, గోనెల్లో..."

"అవా!" అని ఆయన చీపురు ఆపాడు. "అవి అమ్మగారి కొత్తింటికాడ ఉన్నాయమ్మా. ఊరి సివర, బోరు కాడ. అయ్యగారు రిటైరైతే ఇక్కడే ఉండిపోతారట గదా. సూత్తారేటి? మా బాగుంటాది."

వెళ్ళి చూశాను. చూడకుండా వెళ్ళిపోయి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. స్లాబు వేసిన కొత్త ఇల్లు, ఇంకా సున్నం వెయ్యలేదు. గేటు నుంచి మెట్ల దాకా దారి. దారికి రెండు వైపులా ఏటవాలుగా పాతిన ఇటుకలు. ఎండ వైపు వెనక వరసలో మెట్టతామర, ముందు చామంతి, అంచున వాన లిల్లీలు. నీడ వైపు కనకాంబరం. బోరు నీళ్ళు పారే కాలువ పక్కన కొండపువ్వు, నా చేతిలో సగానికి కోసిన కుదురు, కొత్త ఆకు వేసి ఉంది. ఏ మొక్క పక్కన ఏది ఉండాలో, ఎంత ఎడం ఉండాలో, ఏళ్ళ తరబడి తప్పులు చేసి నేను నేర్చుకున్న వరసంతా అక్కడ ఉంది. పిలకలతో పాటు దాన్ని కూడా పట్టుకెళ్ళారు.

నీళ్ళు పోస్తున్న మనిషి నన్ను చూసి, "అమ్మగారికి నర్సీపట్నంలో ఎవలో టీచరమ్మ ఉందట. ఎన్ని కావాలంటే అన్ని ఊరికినే పంపీసిద్దట," అన్నాడు.

నేనే ఆ టీచరమ్మనని చెప్పలేదు. పెళ్ళికి వెళ్ళి పిల్లని దీవించి, భోజనానికి ఆగకుండా బస్సెక్కాను.

మర్నాడు సాయంత్రం అమ్మగారింటికి వెళ్ళాను. ఆవిడ వరండాలో చేటలో బియ్యం ఏరుతున్నారు. నేను కూచోలేదు.

"నిన్న మీ కొత్తింటికి వెళ్ళానండి," అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగింది. "సూసీసేవా? నేనే తీసుకెళ్దామనుకున్నాను."

"చర్చికన్నారు. ఆడవాళ్ళు వందనాలు చెప్పారన్నారు. పిల్లలు నీళ్ళు పోస్తున్నారన్నారు. ఇంటికి కావాలంటే నేను ఇవ్వనా అమ్మగారూ? అబద్ధం ఎందుకు?"

"ఇత్తువు. రెండు పిలకలు ఇత్తువు. మడి ఖాళీ చేసి తల్లిదుంపలు ఇస్తావేటి? ఇవ్వవు."

"ఎందుకివ్వాలి? మడి ఎందుకు ఖాళీ చెయ్యాలి?"

"ఎలాగూ పీకీసేదే గదా! మట్టిలో కలిసిపోయేదాని కంటే ఎక్కడో ఒకచోట బతకనీ అని..." అంటూ ఆవిడ నా మొహం చూసి ఆగిపోయారు.

"ఎవరు పీకేస్తారు?"

ఆవిడ చేట పక్కన పెట్టారు. "చర్చి ముందుకి పెంచుతున్నారు కదా. గేటు దాకా వచ్చేస్తాది. వానలకి ముందే పునాది తీస్తారు. మీ ఆయన... ఇంకా సెప్పలేదేటి?"

మా ఆయన చర్చి కమిటీలో ఉండేవారు. చర్చి ఆడవాళ్ళకి స్త్రీల సమాజం ఉండేది, దానికి అమ్మగారే పెద్ద.

"కమిటీవాళ్ళు స్త్రీల సమాజాన్ని అడిగారు, మడి తీసేస్తే మీకేమైనా అభ్యంతరమా అని," అన్నారామె, గొంతు తగ్గించి. "నేనే మనకేం అభ్యంతరం లేదన్నాను. మందిరం కోసం కాదంటామా? నీకు మాత్రం అప్పుడే సెప్పొద్దని మీ ఆయనతో అన్నాను. నీ సంగతి నాకు తెలుసు కదమ్మా. నువ్వు తట్టుకోలేవు."

ఇంటికి ఎలా వచ్చానో గుర్తు లేదు. మా ఆయన పిల్లలకి లెక్కలు చెప్తున్నారు. వాళ్ళని బయటికి పంపి అడిగాను.

"మడి తీసేస్తున్నారని మీకెప్పుడు తెలుసు?"

ఆయన తల ఎత్తలేదు. "క్రిస్మస్ ముందు."

అంటే మొదటి గోనె కట్టకముందే. ఆయన తాడు బిగించినప్పుడు, సైకిల్ మీద పెట్టుకుని వెళ్ళినప్పుడు, వేసవిలో నేను ఒక్కదాన్నే మొయ్యలేకపోతున్నానని బిందెలతో నీళ్ళు తెచ్చి ఆ మడిలో పోసినప్పుడు కూడా ఆయనకి తెలుసు.

"ఆ ఇల్లు కడుతున్నారనీ తెలుసా? మొక్కలు అక్కడికెళ్తున్నాయనీ తెలుసా?"

"ఇల్లు సంగతి తెలుసు. మొక్కల సంగతి అనుమానం. నేనడగలేదు." పిల్లల లెక్కల పుస్తకం మూసి, "ఏటి సెయ్యమంటావు? సెప్తే నువ్వు మళ్ళీ అప్పటిలాగ అయిపోతావేమోనని భయమేసింది. మొక్కలే కదా అనుకున్నాను," అన్నారు.

"పాప పోయినప్పుడూ ఇలాగే అన్నారు. నేను తట్టుకోలేనని మీరే తీసుకెళ్ళి పెట్టేసి వచ్చారు. నా గురించి ప్రతిదీ మీరూ అమ్మగారూ కలిసి నిర్ణయిస్తారా?"

ఆయన వంటింట్లోకి వెళ్ళి నాకు మంచినీళ్ళు తెచ్చి పెట్టారు. నేను తాగలేదు. మంచి మనిషే. ఇప్పటికీ ఎవరైనా అడిగితే అదే చెప్తాను. కానీ ఆ రోజు తర్వాత ఆయన ఏదైనా చెప్పినప్పుడు, చెప్పకుండా ఉంచింది ఏమిటా అని నా మనసు వెతుక్కునేది. ఎంత వద్దనుకున్నా ఆ అలవాటు నాకు పోలేదు.

నేను చెయ్యగలిగింది ఒకటే ఉందనిపించింది. తర్వాతి స్త్రీల సమాజం కూటానికి వెళ్ళాను. పాట అయ్యాక లేచి నిలబడ్డాను. "మడి తీసెయ్యడానికి మన సమాజానికి అభ్యంతరం లేదని కమిటీకి చెప్పారట. మనలో ఎవరిని అడిగారు? ఎవరైనా అడిగితే చెప్పండి," అన్నాను. చాప మీద కూచున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో నాతో పాటు గోతులు తవ్వినవాళ్ళున్నారు. పెరట్లోంచి దుంపలిచ్చిన నర్సుంది.

"పోన్లే టీచరమ్మా," అంది నర్సు చివరికి, నా వైపు చూడకుండా. "మందిరం కోసమే గదా. పూలదేటుంది, మల్లీ ఏసుకుంటాం."

అమ్మగారు కళ్ళు మూసుకుని ముగింపు ప్రార్థన మొదలుపెట్టారు. ప్రార్థన మధ్యలో మాట్లాడటం ఎవరికి సాధ్యం? నేను నిలబడే ఉన్నాను. అందరూ తలలు వంచుకున్నారు. ఆమెన్ అన్నాక చెప్పులు వేసుకుని ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోయారు.

జూన్‌లో పునాదులు తీసే రోజుకి బడి తెరిచేశారు. మా క్లాసు కిటికీలోంచి మడి కనిపిస్తుంది. గునపాల చప్పుడు మొదలవ్వగానే పిల్లలు కిటికీ వైపు తిరిగారు. పుస్తకాలు తియ్యమన్నాను. కబురు తెలిసి వచ్చిన ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని అటూ ఇటూ నిలబడ్డారు. అమ్మగారు మధ్యలో నిలబడి, ఏ మొక్క ఎవరికో చెప్పి పంచిపెట్టారు. "ఇది ఎండలో పెట్టు, ఇది నీడలో పెట్టు" అంటున్నారు. అన్నీ సరిగ్గానే చెప్పారు. ఆవిడ గొంతు క్లాసులోకి స్పష్టంగా వినిపించింది. పక్క క్లాసు టీచరు చామంతి కుదురొకటి బకెట్లో పెట్టి తెచ్చి నా బల్ల పక్కన ఉంచింది. సాయంత్రం దాన్ని అక్కడే వదిలేసి ఇంటికి వెళ్ళాను. ఆ టీచరే తీసుకెళ్ళి వాళ్ళింట్లో పెట్టుకుందట.

కొత్త మందిరం పెద్దగా, వెలుతురుగా వచ్చింది. మడి ఉన్న చోట బెంచీలు వేశారు. ఆదివారం మానలేదు, పిల్లలున్నారు కదా. స్త్రీల సమాజానికి మాత్రం మళ్ళీ వెళ్ళలేదు. ఆ తర్వాత ఏడు పాస్టరుగారు రిటైరై ఆ వూరు వెళ్ళిపోయారు. వీడ్కోలు సభలో అమ్మగారు నన్ను దగ్గరికి తీసుకుని ఏడ్చారు. నాకు కన్నీళ్ళు రాలేదు. తోట చూడటానికి రమ్మని మనుషులతో చాలాసార్లు కబురు పెట్టారు. వెళ్ళలేదు.

మళ్ళీ ఆవిడని చూసింది ఎనభైల చివర్లో, మా ఊళ్ళో జరిగిన సువార్త సభల్లో. పాస్టరుగారు పోయి అప్పటికి కొంతకాలమైంది. తెల్లచీర, చేతిలో కర్ర. మనవరాలి భుజం పట్టుకుని వచ్చి సరిగ్గా నా పక్కనే కూచున్నారు. నా చెయ్యి అందుకున్నారు. ఆ చెయ్యి సన్నగా, తేలిగ్గా ఉంది. నాకు జాలి వేసింది. ఆ క్షణంలో ఆవిడ ఏమీ మాట్లాడకుండా ఉండి ఉంటే, ఏమో, ఆ పాత సంగతంతా అక్కడితో పోయేదేమో.

"ఒక్కసారీ రాలేదు కదమ్మా నా తోటకి," అన్నారు. తర్వాత మనవరాలి వైపు తిరిగి, "ఈ టీచరమ్మేనే. చర్చి మడి తీసేస్తారని నేను ముందే సెప్తే, అమ్మగారూ తల్లిదుంపలతో సహా మీరే పట్టుకుపొండి, మీ దగ్గరైతే బతుకుతాయి అంది. తనే గోనెలు కట్టి పంపింది," అన్నారు.

ఆ పిల్ల నా వైపు చూసి నవ్వింది. ఆ కథ చాలాసార్లు విన్నట్టుంది.

"లేదండి," అన్నాను. "మీరు చెప్పలేదు. ఆ పల్లె చర్చికని అడిగారు."

"ఎక్కడమ్మా! మర్సిపోయేవు."

"నేను మర్చిపోలేదు. మీరు చర్చికని చెప్పి తీసుకున్నారు. మడి పోతుందని నాకు ఎవరూ చెప్పలేదు."

ముందు వరసలో ఉన్న ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. మనవరాలి నవ్వు ఆగిపోయింది. ఆవిడ కళ్ళలో తడబాటు గానీ కోపం గానీ వెతికాను. రెండూ లేవు. ఆవిడ మనసులో ఆ కథ అలాగే జరిగింది. నా చేతి మీద మెల్లగా తట్టి, "సర్లే, పెద్దదాన్నైపోయేను, నాకేం తెలుసు," అని వేదిక వైపు తిరిగారు.

నేను సంచీ తీసుకుని లేచి, నాలుగు వరసల వెనక ఖాళీగా ఉన్న కుర్చీలో కూచున్నాను. మా ఆయన అటు నుంచి చూసి, ఏమైందని చేత్తో సైగ చేశారు. ఏమీ లేదని తలాడించాను. అంతలో పాట ఎత్తుకున్నారు. అమ్మగారు కూడా అందుకున్నారు. ఆవిడ గొంతు ఇంకా బాగానే ఉంది.